ఆవకాయ నూనెతో ఝాల్‌మురి: సిడ్నీలో మా బెంగాలీ బల్ల డైరీ

ఫిబ్రవరి 16, 2025, ఆదివారం

మా పేట కమ్యూనిటీ హాలు నుంచి మెయిల్ వచ్చింది. మార్చి 22, శనివారం మధ్యాహ్నం హార్మనీ డే సంబరం. ఒక్కో కుటుంబం ఒక్కో బల్ల తీసుకుని తమ వంట పెట్టాలి. డెబ్భై మందికి, కడుపు నిండా కాదు, రుచి తెలిసేంత. ఆస్ట్రేలియాలో 1999 నుంచీ మార్చి 21న ఈ రోజు జరుపుతున్నారు. నారింజ రంగు బట్టలేసుకుని వస్తారందరూ. పోయిన రెండేళ్లూ వెళ్లి తిని వచ్చేశాం. ఈసారి మా ఆయన నన్ను అడక్కుండానే ఫారంలో 'బెంగాల్' అని నింపి పంపేశారు.

మా ఆయనది కలకత్తా. నాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంట్లో వంట నాది. అంటే సిడ్నీ పడమటి శివార్లలో డెబ్భై మందికి బెంగాలీ తిండి పెట్టబోయేది ఒక గోదావరి మనిషి. ఫారంలో ఆ గడి లేదు కాబట్టి మేమూ చెప్పలేదు.

రాత్రి మెనూ మీద వాదన. ఆయనకి షొర్షే ఇలిష్ ఒక్కటే బెంగాల్. ఆవ నూరి వండిన ఇలిష్ చేప. నాకూ ఇష్టమే. గోదావరికి ఎదురీదితే మేం పులస అనేది దాన్నే. పుస్తెలమ్మైనా పులస తినాలన్న ఊళ్ల నుంచి వచ్చినదాన్ని, ఆ చేపని తక్కువ చేసి మాట్లాడను. కానీ దాని ముళ్లు వెంట్రుకల్లా ఉంటాయి. చేతివేళ్లతో, పళ్లతో, ఓపికతో తినాల్సిన చేప అది. నిలబడి, ఒక చేతిలో పేపరు ప్లేటు, ఇంకో చేతిలో పిల్లాణ్ణి పట్టుకున్న మనిషికి ఇలిష్ పెడితే అంబులెన్సు పిలవాలి. కొట్టేశాం.

లూచీ, అంటే మైదా పూరీ, అదీ కొట్టేశాం. నూనెలోంచి తీసిన నిమిషం దాకే పొంగి ఉంటుంది. హాల్లో పొయ్యి వెలిగించనివ్వరు.

ఫిబ్రవరి 23, ఆదివారం

పక్కింటి ఆపా దగ్గరికి వెళ్లాను. వాళ్లది బంగ్లాదేశ్, బొరిశాల్. అక్కడ ముస్లిం ఇళ్లలో అక్కని ఆపా అంటారు. ఆవిడ నన్ను భాబీ అంటుంది. మా అత్తగారింట్లో ఇవే వరసలకి దీదీ, బౌదీ. మంచినీళ్లు అత్తగారింట్లో జొల్, ఆపా ఇంట్లో పానీ. ఉప్పు అక్కడ నూన్, ఇక్కడ లొబొన్. లొబొన్ అంటే మన లవణమే కాబట్టి నాకు ఆపా బంగ్లానే తొందరగా వచ్చింది. మొన్న ఇరవై ఒకటో తారీఖున ఆవిడ పిల్లలతో యాష్‌ఫీల్డ్ పార్కుకి వెళ్లి, అక్కడి మాతృభాషా దినోత్సవ స్మారకం దగ్గర పూలు పెట్టి వచ్చింది. మన బల్ల మీద పేర్లు నేను బంగ్లా లిపిలో రాస్తాను అంది. మా ఆయన దస్తూరీ మందుల చీటీలా ఉంటుంది కాబట్టి వెంటనే ఒప్పేసుకున్నాను.

మెనూ ఆవిడ వంటింట్లోనే తేలిపోయింది. ఝాల్‌మురి, ఘుగ్ని, నొలెన్ గుడ్ పాయేష్. మొదటిది అప్పటికప్పుడు కలిపేది, రెండోది వేడిగా ఉంచేది, మూడోది చల్లగా ఉంచేది. ఝాల్‌మురి అంటే మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొబ్బరి, ఆవనూనె వేసి డబ్బాలో గిలకొట్టి పొట్లం కట్టి ఇచ్చేది. ఘుగ్ని అంటే తెల్ల బఠాణీల కూర. ఇంకో ఆరు రోజులకే ఆపాకి రంజాన్ మొదలు. 'ముడి, ఛోలా, పియాజు లేకుండా మా ఇఫ్తార్ ఉండదు భాబీ, మిగిలితే మా ఇంటికే' అంది. ముడి అంటే మరమరాలు, ఛోలా అంటే శనగలు, పియాజు అంటే పప్పు, ఉల్లి పకోడీ.

పాయేష్ ట్రయల్ ఇవాళే చేశాను. ఒక లీటరు పాలు, 55 గ్రాముల గోబిందోభోగ్ బియ్యం, 110 గ్రాముల నొలెన్ గుడ్. చలికాలంలో ఖర్జూర చెట్టు గీసి, తీసిన రసం కాచి చేసే బెల్లం ఇది. ఖర్జూర చెట్టు అంటారే గానీ నిజానికి అది మన ఈత చెట్టే. అదే చెట్టుని మన ఊళ్లలో గీస్తే కల్లు కుండ దిగుతుంది, బెంగాల్లో గీస్తే బెల్లం దిమ్మ దిగుతుంది. ఆ వాసనకి మాత్రం పోలిక చెప్పలేను. కాస్త పొగ, కాస్త మాడిన చక్కెర, వెనకాల ఎక్కడో తడి చెక్క.

విరిగిపోయింది. ఉడుకుతున్న పాలల్లో బెల్లం ముక్క వేశాను, అర నిమిషంలో గింజలు గింజలుగా తేలింది. పరమాన్నంలో బెల్లం ఎప్పుడు వేయాలో చిన్నప్పటి నుంచీ తెలిసినదాన్ని, వేరే పేరు పెట్టేసరికి మర్చిపోయాను. వీడియో కాల్లో అత్తగారు నవ్వి, పొయ్యి ఆర్పి, పాలు గోరువెచ్చన అయ్యాక, కరిగించి వడగట్టిన బెల్లం కొంచెం కొంచెం పోయమన్నారు. మా అమ్మా ఇదే చెప్పేది.

మార్చి 2, ఆదివారం

నిన్నా ఇవాళా ఆవనూనె గొడవే.

ఇక్కడ ఇండియన్ షాపుల్లో ఆవనూనె దొరుకుతుంది. సీసా మీద మాత్రం 'పైపూతకు మాత్రమే' అని ఉంటుంది. వంట నూనెలో ఎరూసిక్ ఆమ్లం కిలోకి 20 గ్రాములు దాటకూడదని ఇక్కడి నియమం. మామూలు ఆవనూనెలో అది ఎన్నో రెట్లు ఎక్కువ. బెంగాలీ ఇళ్లలో ఆ అక్షరాలు చదివేవాళ్లు లేరు, మా ఇంట్లోనూ లేరు. కానీ ఊరందరికీ పెట్టే బల్ల మీద 'పైపూత' నూనె పోయడానికి నా మనసు ఒప్పుకోలేదు. మా ఆయన రెండు గంటలు మాట్లాడలేదు. ఆవనూనె లేని ఝాల్‌మురి అంటే ఇంగువ లేని పులిహోర అట. పోలిక మాత్రం మా ఇంట్లోనే నేర్చుకున్నారు.

ప్రయోగాలు. మొదటిది, కనోలా నూనెలో ఆవపిండి కలిపాను. కనోలాదీ ఆవ కుటుంబమే, ఆ ఆమ్లం తక్కువగా ఉండేలా పెంచిన మొక్క. చేదొచ్చింది, ఘాటు రాలేదు. ఆవగింజ నలిగి తడి తగిలితే గానీ ఆ ఘాటు పుట్టదు, ఒట్టి నూనెలో నిద్రపోతుంది. రెండోది కాసుంది, బెంగాలీల ఆవ చట్నీ. ఘాటు అదిరింది గానీ దాంట్లో నీళ్లుంటాయి. మరమరాలు రెండు నిమిషాల్లో తడిసిన దూదిలా అయ్యాయి.

మూడోది ప్రయోగం కాదు. రాత్రి అందరూ పడుకున్నాక పెరుగన్నం కలుపుకుని ఆవకాయ జాడీ మూత తీశాను. డిసెంబర్లో ఇక్కడి పచ్చి మామిడికాయలతో పెట్టింది. ముక్కల మీద వేలెడు ఎత్తున ఎర్రటి నూనె. వంగితే ముక్కులోకి సూటిగా ఎక్కింది. అదే ఘాటు. ఆవపిండి, ఉప్పు, మామిడికాయ తడి, పైన నువ్వుల నూనె. పొయ్యి మీద పెట్టని పచ్చడి కాబట్టి ఘాటు ఎక్కడికీ పోలేదు. గరిటెడు నూనె తీసి, గుప్పెడు మరమరాల్లో వేసి, ఉల్లిపాయ తరిగి, అర్ధరాత్రి వంటింట్లో నిలబడి తిన్నాను. పెరుగన్నం అలాగే ఉండిపోయింది.

పొద్దున్న మా ఆయనకి చెప్పకుండా పెట్టాను. రెండు గుప్పెళ్లు తిని 'ఆవనూనె ఎక్కడిది?' అన్నారు.

చెప్పాక కాస్త ముఖం మారింది. ఇది బెంగాలీ ఎలా అవుతుందని. అత్తగారికి ఫోన్ కలిపాం. ఝాల్‌మురివాళ్లు పచ్చడి నూనె పోయడం ఎప్పుడూ ఉన్నదే, ఆచారేర్ తేల్ అంటారు, మామిడికాయదే ఎక్కువ అన్నారావిడ. 'ఏ ఊరి మామిడికాయ అని ఎవరూ అడగరు' అని కూడా అన్నారు. కేసు కొట్టేశారు.

మార్చి 9, ఆదివారం

ఘుగ్ని ట్రయల్. అరకిలో తెల్ల బఠాణీలు రాత్రంతా నానబెట్టి, తొందరగా ఉడుకుతాయని చిటికెడు సోడా వేసి నాలుగు కూతలు రానిచ్చాను. పప్పు తయారైంది. బఠాణీ గింజగా కనబడాలి, వేళ్ల మధ్య నొక్కితే వెన్నలా అణగాలి. సాయంత్రం సోడా లేకుండా రెండే కూతలు పెట్టి, ఆవిరి దానంతట అది దిగేదాకా మూత ముట్టుకోలేదు. కుదిరింది.

తాలింపులో నా చెయ్యి రెండుసార్లు కరివేపాకు డబ్బా మీదకి వెళ్లింది. రెండుసార్లూ వెనక్కి తీశాను. జీలకర్ర, బిర్యానీ ఆకు, ఎండుమిర్చి, అంతే. అల్లం ముద్ద, ఉల్లిపాయ, పసుపు, టమాటా వేగాక బఠాణీలు. సన్నగా తరిగి వేయించిన కొబ్బరి ముక్కలు. దించేముందు చింతపండు గుజ్జు, పైన భాజా మొశ్లా. జీలకర్ర, ధనియాలు, ఎండుమిర్చి ఒట్టి మూకుట్లో నల్లబడే ముందుదాకా వేయించి కొట్టిన పొడి అది.

పంచదార దగ్గర ఆగిపోయాం. కలకత్తా వాళ్లు ఘుగ్నిలో చెంచాడు పంచదార వేస్తారు. ఆపా గుమ్మంలో నిలబడి 'కూరలో చినీ ఏంటి?' అంది. మా ఆయనవాళ్లు ఘొటీలు, అంటే పడమటి బెంగాల్ పాతకాపులు. ఆపావాళ్లది తూర్పు. ఈ పంచదార తగవు దేశ విభజన కంటే పాతదట. రుచి చూసి తీర్పు చెప్పమందామంటే ఆవిడకి ఉపవాసం. నాలిక మీద వేసుకోదు. గరిటె ఎత్తి, జారే తీరు చూసి 'చిక్కదనం బాగుంది, ఉప్పు నువ్వే చూసుకో' అని వెళ్లింది. కిలోకి ఒక చెంచా వేశాను, రెండు కాదు. మధ్యలో ఉండేదాన్ని నేనే కదా.

మార్చి 15, శనివారం

లకెంబా వెళ్లొచ్చాం. బంగ్లాదేశీ సరుకులకి సిడ్నీలో అంతకు మించిన చోటు లేదు. రంజాన్ రాత్రుళ్లు హాల్డన్ స్ట్రీట్ అంతా తిండి బళ్లే, అడుగు తీసి అడుగు వేయలేం. అందుకే పొద్దున్నే వెళ్లాం.

మరమరాలు నాలుగు పాకెట్లు, మొత్తం కిలోన్నర. ఇండియన్ షాపులో మమ్రా పేరుతో అమ్మేవి బుగ్గల్లా ఉబ్బి నోట్లో వేయగానే కరిగిపోతాయి. ఇవి సన్నగా, పొడుగ్గా, కాస్త ఉప్పగా, కరకరలాడతాయి. రెండు కిలోల బఠాణీలు. గోబిందోభోగ్ పావుకిలో. నొలెన్ గుడ్ దిమ్మ అరకిలోది. కొబ్బరికాయలు నాలుగు, ఒకటి కుళ్లిందని తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చాక హాలువాళ్ల ఫారం మళ్లీ చదివాను. వేరుశనగ, జీడిపప్పు లాంటివేవీ తేకూడదు. ఝాల్‌మురిలో వేసే చనాచూర్ పాకెట్ వెనక చూస్తే రెండో పేరే వేరుశనగ. పక్కన పెట్టేసి పుట్నాలు, సన్న కారప్పూస తీసుకున్నాను, వాటి పాకెట్లు కూడా తిప్పి చూసి. పాయేష్‌లో జీడిపప్పు లేదు, ఎండుద్రాక్ష, బిర్యానీ ఆకుతో సరి.

ఆపా బంగ్లాలో పేర్లు రాసిచ్చింది. ఏయే పదార్థాలున్నాయో పెద్దమ్మాయి ఇంగ్లీషులో టైప్ చేసింది. పాలు, గోధుమ, ఆవాలు. ఆవాలు ఇక్కడి ఎలర్జీ హెచ్చరికల తప్పనిసరి జాబితాలో లేవు, అయినా పెట్టించాను. ప్రింటు తీసి లామినేట్ చేయించాం. చాలా బాగా వచ్చింది అనుకున్నాను. ఈ లామినేషన్ సంగతి మళ్లీ వస్తుంది.

మార్చి 21, శుక్రవారం

సెలవు పెట్టాను. పొద్దున్న పాయేష్. నాలుగున్నర లీటర్ల పాలు మూడు లీటర్లకి దగ్గరపడటానికి గంటా నలభై నిమిషాలు. ఈసారి బెల్లం బుద్ధిగా చివర్లో. విరగలేదు.

అసలు పని చల్లార్చడం. వండినది రెండు గంటల్లో 21 డిగ్రీలకి, ఆ తర్వాత నాలుగు గంటల్లో 5 డిగ్రీలకి దిగాలని రూలు. పెద్ద గిన్నెలో ఉంచితే సాయంత్రానికి కూడా నడుమ వెచ్చగానే ఉంటుంది. నాలుగు బేకింగ్ ట్రేల్లో పల్చగా పోసి, కింద ఐసు నీళ్లు పెట్టాను. గంటా ఇరవైకి 20 డిగ్రీలు. ఫ్రిజ్‌లో అరలు ఖాళీ చేయడానికి కూరగాయలన్నీ ఆపా ఇంటికి పంపాను.

సాయంత్రం పిల్లలు ఠోంగాలు, అంటే ఝాల్‌మురి పోసే కాగితం పొట్లాలు, చుట్టారు. బెంగాల్లో పాత న్యూస్‌పేపరుతో చుడతారు. అచ్చు సిరా తిండికి అంటుతుందని మేం ఖాకీ రంగు బ్రౌన్ పేపరు వాడాం. ఎనభై నాలుగు. అందులో పదకొండింటికి కింద చిల్లు.

ఆవకాయ నూనె వంపి వడగట్టాను. అరలీటరు సీసా నిండింది. జాడీలో ముక్కలు నా వంక చూస్తున్నట్టు అనిపించింది.

మార్చి 22, శనివారం

రాత్రి పది దాటింది, కాళ్లు వేడినీళ్లల్లో పెట్టుకుని రాస్తున్నాను.

ఘుగ్ని పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టి, పదకొండుకి రెండు స్లో కుక్కర్లలోకి మార్చాం. పన్నెండుకి హాలు. మాకు ఒక పక్క నేపాలీ మోమోలు, ఇంకో పక్క లెబనాన్ వాళ్ల తబ్బూలే. ఎదురుగా టోంగా నుంచి వచ్చిన పెద్దాయన అరటాకులో చుట్టిన ఏవో పొట్లాలు విప్పుతుంటే, ఆ ఆకు వాసనకి ఒక్క క్షణం మా ఊరి పెళ్లిపందిట్లో ఉన్నాననిపించింది.

పన్నెండున్నరకి కరెంటు పోయింది. మా వరస బల్లలన్నిటికీ ఒకే ప్లగ్గు నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగారు. మా రెండు కుక్కర్లు, నేపాలీల స్టీమరు, ఇంకెవరిదో కాఫీ యంత్రం. బ్రేకర్ పడిపోయింది. తాళం ఉన్న మనిషిని వెతికి తేవడానికి పాతిక నిమిషాలు. థర్మామీటర్ గుచ్చుతూ కూర్చున్నాను. 71, 68, 66. అరవైకి దిగితే లెక్క మొదలవుతుంది, వేడిగా ఉంచాల్సిన తిండి అరవైకి పైనే ఉండాలి. 64 దగ్గర కరెంటు వచ్చింది. ఒక కుక్కర్‌ని గోడకున్న వేరే ప్లగ్గుకి మార్చి మా ఆయన్ని కాపలా పెట్టాను.

ఒంటిగంటకి జనం. ఝాల్‌మురి నా చేతుల్లో. మూతున్న స్టీలు డబ్బా, పొడుగు చెంచా. రెండు గుప్పెళ్ల మరమరాలు, ఉల్లి, టమాటా, కొత్తిమీర, ఉడికిన ఆలుగడ్డ ముక్కలు, పుట్నాలు, కారప్పూస, భాజా మొశ్లా, చెంచాన్నర నూనె, నిమ్మకాయ పిండి, డబ్బా చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. తడి మరమరాలైతే ధుబ్ ధుబ్ అంటుంది, బాగుంటే గలగలమంటుంది. పైన కొబ్బరి ముక్క గుచ్చి ఇవ్వాలి. ఒక్కొక్కటి నలభై సెకన్లు. లైన్ కట్టారు. డబ్బా చప్పుడికే సగం మంది వచ్చారనుకుంటా.

కొడుకు దగ్గరికి వచ్చిన గుంటూరు పెద్దాయన ఒకరు పొట్లం అందుకుని నోట్లో వేసుకుని ఆగిపోయారు. 'ఇది బెంగాలీ ఏంటమ్మా, మన పిడత కింద పప్పు కదూ? పైగా ఆవకాయ వాసన వస్తోంది!' అన్నారు గట్టిగా, తెలుగులో. నేను వేలు పెదాల మీద పెట్టుకున్నాను. ఆయన నవ్వి ఇంకోటి పట్టుకెళ్లారు.

ఆ నవ్వు నా మొహం మీద ఉండగానే జరిగింది. ఆరేడేళ్ల పిల్లాణ్ణి వెంటబెట్టుకుని ఒకామె వచ్చి, వీడికి నువ్వులు పడవు, ఇందులో ఉన్నాయా అని అడిగింది. లామినేట్ చేసిన లేబుల్ చూపించి లేవన్నాను. పిల్లాడికి పొట్లం ఇచ్చాను. వాళ్లు రెండడుగులు వేశాక నా చేతిలో సీసా కనబడింది. నువ్వుల నూనె. ఆవకాయ నూనె అంటే నా బుర్రలో ఆవాలే. అమ్మాయికి పదార్థాలు చెప్పినప్పుడు కూడా అదే చెప్పాను. బల్ల కింద నుంచి దూరి వెళ్లి పిల్లాడి చేతిలోంచి పొట్లం లాక్కున్నాను. ఇంకా నోట్లో పెట్టలేదు. వాడు ఏడుపు మొదలుపెట్టాడు, వాళ్లమ్మ అర్థంకాక నా వంక చూసింది. నూనె సంగతి చెప్పాను. ఆమె ముందు వాడి చేతులు తుడిచింది, తర్వాత నాకు థాంక్స్ చెప్పింది. తిట్టినా బాగుండేది. వేరే నూనెతో చేసిస్తానని అనబోయాను గానీ అదే డబ్బా, అదే చెంచా. వాడికి పాయేష్ కప్పు ఇచ్చాను, అందులో ఏమేం ఉన్నాయో మూడుసార్లు లెక్కపెట్టి చెప్పి.

లామినేషన్ మీద పెన్ను పడదు. పేపరు చించి, మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో 'నువ్వుల నూనె ఉంది' అని ఇంగ్లీషులో రాసి డబ్బాకే అతికించాను. ఆ తర్వాత అరగంట నా చేతులు ఊపకుండానే ఊగాయి.

మూడున్నరకి ఠోంగాలు అయిపోయాయి. పాయేష్ కప్పులు ఆరు మిగిలాయి, ఐసు పెట్టెలోంచి బయటికి తీసి రెండు గంటలు దాటినవి మూడు, వాటిని పారేశాను. ఘుగ్ని దాదాపు కిలో మిగిలింది, కుక్కర్ తీసేదాకా 63కి తగ్గలేదు. ఇంటికి రాగానే పల్చగా పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం మళ్లీ సలసలా కాచి ఆపా ఇంటికి పట్టుకెళ్లాను.

ఏడు దాటాక అజాన్. ఆపా ఖర్జూరం నోట్లో వేసుకుని, మంచినీళ్లు తాగి, పెద్ద గిన్నెలో మరమరాలు పోసింది. ఘుగ్ని, అప్పుడే వేయించిన పియాజు చిదిమి వేసి, నా సీసాలో అడుగున మిగిలిన నూనె మొత్తం కుమ్మరించి చేత్తో కలిపింది. నెల రోజులుగా వాసన చూసి, రంగు చూసి సలహాలిచ్చిన మనిషి మొదటిసారి నోట్లో పెట్టుకుంది. అందరం ఆవిడ మొహంలోకే చూస్తున్నాం.

'లొబొన్ కొమ్' అంది. ఉప్పు తక్కువట. మా ఆయన రెండో ముద్ద నములుతూ 'చిని కొమ్' అన్నారు.

మార్చి 23, ఆదివారం

లెక్కలు. మరమరాలు 200 గ్రాములు మిగిలాయి, అప్పుడే మెత్తబడ్డాయి, మూకుట్లో వేయించాలి. ఘుగ్నికి రెండు కిలోలు సరిగ్గా సరిపోయాయి. పాయేష్‌కి ఇంకో అర లీటరు పాలు తగ్గించవచ్చు. ఠోంగాలు వంద కావాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మనదే తీసుకెళ్లాలి. లేబుల్ ఆఖరి రోజు, సీసాలు ఎదురుగా పెట్టుకుని, చేత్తో రాయాలి.

ఆవకాయ జాడీలో ముక్కలు పొడిబారి పైకి తేలాయి. ఇలాగే వదిలేస్తే బూజు పడుతుంది. నువ్వుల నూనె అరలీటరు కాచి పెట్టాను. చల్లారాక పోయాలి.